97 డిగ్రీలకే నీళ్ళు మరిగే ఊళ్ళో

అరకులో నీళ్ళు 100 డిగ్రీల దాకా ఆగవర్రా. 97 దగ్గరే తెర్లిపోతాయి. ఊరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది కదా, అంత ఎత్తున గాలి ఒత్తిడి తక్కువ. పైనుంచి నొక్కే గాలి తగ్గితే నీళ్ళు తొందరగా ఆవిరవుతాయి. ఎత్తు 300 మీటర్లు పెరిగినకొద్దీ మరిగే వేడి సుమారు ఒక డిగ్రీ చొప్పున దిగుతుంది. పప్పు ఉడకడానికి ఇది ఇబ్బందే గాని కాఫీకి మేలు. పొడి మీద పోసే నీళ్ళు 90కీ 96కీ మధ్య ఉంటే రుచి బాగా దిగుతుందని ఆ విద్య తెలిసినవాళ్ళు చెబుతారు. మరీ వేడైతే చేదూ వగరూ ఎక్కువగా దిగుతాయి. వేడి చాలకపోతే పులుపు ముందు వచ్చేసి, తీపి పొడిలోనే ఉండిపోతుంది. పట్నంలో కేఫ్ వాళ్ళు సన్నమూతి కెటిల్‌కి థర్మామీటరు పెట్టి చూసుకునే వేడి, అరకు రోడ్డు పక్కన పొయ్యి మీది గిన్నెలో దానంతటదే వచ్చేస్తుంది. దింపి ఒక్క క్షణం ఆగి పోస్తే చాలు.

ఆదివారం ఆలస్యంగా లేచి, టిఫినూ భోజనమూ ఒకటి చేసి, పదకొండింటికి కొత్త కేఫ్ వెతుక్కుంటూ వెళ్ళడం మీకు అలవాటైంది. బ్రంచ్ అంటున్నారు. మంచి అలవాటే. నలుగురూ కూచుని నిదానంగా తింటూ కబుర్లు చెప్పుకునే పూట వారానికి ఒకటైనా ఉండాలి. నేను చెప్పేదల్లా ఒకటే: కప్పులోని రుచిలో కేఫ్ చేసేది చివరి పిసరు. అంతకుముందే కొండ, చెట్టు నీడ, పండు కోసిన చెయ్యి, గింజ వేయించిన మంట దాని తలరాత చాలామటుకు రాసేసి ఉంటాయి. అందుకని ఈసారి మీ వెతుకులాట కేఫ్ గుమ్మం దగ్గర ఆపకండి, తోట దాకా వెళ్ళండి.

విశాఖలో పొద్దున్నే కిరండూల్ రైలెక్కితే టిఫిన్ వేళ దాటి, భోజనం వేళ కాకముందే అరకులో దిగుతారు. మీ బ్రంచ్‌కి సరిగ్గా కుదిరే రైలు! శృంగవరపుకోట దాటి శివలింగపురం వచ్చేసరికి ఎక్కుడు మొదలవుతుంది. సొరంగం తర్వాత సొరంగం. బొర్రా గుహలు, కరకవలస దాటి సిమిలిగుడ చేరేసరికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు. కిలోమీటరు ఎత్తుకు గాలి ఇంచుమించు ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. విశాఖ ప్లాట్‌ఫారం మీద పట్టిన చెమట ఇక్కడికొచ్చేసరికి ఆరిపోయేది అందుకే. మీ ఒంటికి తెలిసిన ఆ చల్లదనమే కాఫీ చెట్టుకూ కావాలి.

అరబికా జాతి కాఫీకి ఎండా వేడీ మరీ ఎక్కువైతే పడవు. చల్లటి చోట పండు తొందరపడి పండదు. పువ్వు నుంచి ఎర్రటి పండు కావడానికి ఎనిమిది తొమ్మిది నెలలు తీసుకుంటుంది. ఆ నిదానంలో గింజలోకి చక్కెరలూ, తర్వాత వాసనగా మారే పదార్థాలూ ఎక్కువ చేరతాయి, గింజ గట్టిపడుతుంది. పల్లపు నేలల్లో పెరిగే రోబస్టా తీరు వేరు. అందులో కెఫీన్ అరబికా కంటే దాదాపు రెట్టింపు. కెఫీన్ మొక్క మనకోసం తయారు చేసింది కాదు సుమా, పురుగుల నుంచి తనను కాచుకోవడానికి చేసుకున్న చేదు మందు.

తోటలోకి వెళ్ళినప్పుడు తల పైకెత్తి చూడండి. నిటారుగా పెరిగే సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, ఆ నీడలో మనిషెత్తు కాఫీ మొక్కలు. నీడ చల్లదనం ఒక్కటే ఇవ్వదు. అరబికా కాండాన్ని తొలిచే తెల్ల కాండం తొలుచు పురుగు ఎండ తగిలే బెరడునే ఎంచుకుని గుడ్లు పెడుతుంది. నీడ ఉన్న తోటలో దాని బెడద తగ్గుతుంది. రాలిన ఆకు కుళ్ళి ఎరువవుతుంది, వాలు మీద మట్టి వానకు కొట్టుకుపోకుండా వేళ్ళు పట్టి ఉంచుతాయి. ఒకప్పుడు పోడు కోసం కొట్టి కాల్చిన వాలుల్లో చాలాచోట్ల ఇవాళ పచ్చదనం ఉందంటే, దాని కింద కాఫీ ఉండటం ఒక కారణం. అల్లూరి సీతారామరాజు జిల్లా ఏజెన్సీలో రెండు లక్షల ఎకరాలకు పైగా కాఫీ ఉంది. ఎక్కువభాగం ఎకరం, రెండెకరాల గిరిజన రైతులదే. పెద్ద ఎస్టేటు దొరల తోటలు కావవి, ఇంటి వెనక మొదలై కొండ మీదికి పాకిన తోటలు. ఆ పంటకు 2019లో ‘అరకు వ్యాలీ అరబికా’ పేరుతో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకు రెండేళ్ళ ముందే, 2017లో, పారిస్‌లో అరకు పేరుతోనే కాఫీ దుకాణం తెరిచారు. 2021లో బెంగళూరు ఇందిరానగర్‌లో కేఫ్ వచ్చింది. మన కొండ పేరు పారిస్ వీధిలో బోర్డు మీద ఉందని విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

‘స్పెషాలిటీ కాఫీ’ అని మీరు మెనూలో చూస్తారే, ఆ మాటను 1974లో ఎర్నా నట్సెన్ అనే కాఫీ వ్యాపారి వాడుకలోకి తెచ్చారు. ఫలానా నేల, ఫలానా వాతావరణం ఫలానా రుచినిస్తాయి, ఆ రుచిని కలగాపులగం చెయ్యకుండా విడిగా గౌరవించాలి అన్నది ఆవిడ ఆలోచన. ఇప్పుడైతే తర్ఫీదు పొందిన రుచిచూపరులు నూటికి మార్కులేస్తారు. 80 గాని, ఆ పైన గాని వస్తేనే ఆ పేరు.

ఆ మార్కులు పోయేదీ నిలిచేదీ ఎక్కువగా పండ్ల కోత దగ్గర. ఒకే కొమ్మ మీద ఎర్రవీ, దోరవీ, పచ్చివీ కలిసి ఉంటాయి. కొమ్మ మొత్తం ఒక్కసారి దూస్తే పని తొందరగా తెములుతుంది, కాఫీలో మాత్రం పచ్చి వగరు మిగిలిపోతుంది. ఎర్రవే ఏరాలంటే అదే మొక్క దగ్గరికి మళ్ళీ మళ్ళీ రావాలి. ఆ ఓపికకు సరైన కూలి, ఆ పండుకు సరైన ధర దక్కినప్పుడే మంచి కాఫీ పుడుతుంది. మీరు కప్పుకు మూడొందలు ఇచ్చేటప్పుడు ఈ గింజ ఏ కొండదని అడగండి. తెలిసి కొన్న కేఫ్ వాళ్ళు సంతోషంగా చెబుతారు.

నవంబరు నుంచి జనవరి మధ్య వెళ్తే ఈ కోత కళ్ళారా చూడొచ్చు. అప్పుడు ఒక పండు అడిగి తీసుకుని చప్పరించి చూడండి. తొక్క కింద పల్చటి గుజ్జు, తియ్యగా ఉంటుంది. లోపల రెండు గింజలు చదునువైపు ఒకదానికొకటి ఆనించుకుని ఉంటాయి. అప్పుడప్పుడు రెండో గింజ ఎదగక, ఒక్కటే గుండ్రంగా తయారవుతుంది. కాఫీపొడి కొట్లో ‘పీబెర్రీ’ అని విడిగా అమ్మేది దాన్నే. గింజ చుట్టూ జిగురు ఉంటుంది. దాన్ని పులియబెట్టి కడిగేస్తే తేటగా, కాస్త పుల్లగా ఉండే కాఫీ వస్తుంది, దాన్ని వాష్డ్ అంటారు. పండును పండుగానే ఎండబెడితే గుజ్జు వాసన గింజకు పట్టి పళ్ళరసం ఛాయ వస్తుంది, అది నేచురల్. రెంటికీ మధ్య, కొంత జిగురుంచి ఎండబెట్టింది హనీ. ఏ పద్ధతిలో ఎండబెట్టినా తేమ పది పన్నెండు శాతానికి దిగేదాకా ఆరాలి, లేకపోతే బూజు పడుతుంది.

ఎండిన గింజను వాసన చూస్తే కాఫీ వాసన ఉండదు. పచ్చగడ్డి వాసన, నానని పప్పు వాసన వస్తుంది. అసలు కథంతా పెనం మీద జరుగుతుంది. మొదట తేమ పోయి గింజ పసుపురంగుకు తిరుగుతుంది. 150 డిగ్రీలు దాటేసరికి లోపలి చక్కెరలూ అమైనో ఆమ్లాలూ కలిసి ఎర్రబడటం మొదలవుతుంది. దోసె అంచు ఎర్రబడేదీ, ఉల్లిపాయ వేగి కమ్మగా వాసనొచ్చేదీ ఈ చర్య వల్లనే. దీన్ని 1912లో వివరించిన ఫ్రెంచి శాస్త్రవేత్త మయార్ పేరుతో మయార్ చర్య అంటాం. 200 డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా లోపలి ఆవిరీ, బొగ్గుపులుసు వాయువూ గింజను టప్‌టప్‌మని చిట్లిస్తాయి. వేయించేవాడు చెవి ఒగ్గి వినేది ఆ చప్పుడు కోసమే. అది వినపడ్డ కాసేపటికి దింపితే కొండ రుచి దక్కుతుంది. నల్లగా నూనె కారేదాకా ఉంచితే ఏ ఊరి గింజైనా ఒకటే రుచి, మాడు రుచి. అలా మాడ్చి, పాలూ సిరప్పులూ పోసి దాచే కాఫీ మీద నాకు గౌరవం లేదు. రైతు ఏడాది కష్టం అందులో కనబడకుండా పోతుంది.

వేగిన గింజలో ఆ వాయువు ఇంకా చాలా మిగిలి ఉంటుంది, రోజుల తరబడి నెమ్మదిగా బయటికొస్తుంది. ప్యాకెట్‌కి చిన్న బొత్తంలాంటి కవాటం చూశారా? లోపలి వాయువు పోవడానికీ, బయటి గాలి రాకుండా ఉండటానికీ అది. కేఫ్‌లో పొడి మీద ముందు కాసిన్ని వేణ్ణీళ్ళు పోసి అరనిమిషం ఆగుతారు. తాజా పొడైతే ఉబ్బి బుడగలొస్తాయి. నిలవ పొడి చలించదు. కాఫీ తాజాదో కాదో చెప్పే పరీక్ష మీ కళ్ళముందే జరుగుతోందన్నమాట.

మన ఇత్తడి ఫిల్టరూ తక్కువదేం కాదు. పొడి మీద నీళ్ళు నిలిచి, బొట్టుబొట్టుగా దిగి, చిక్కటి డికాక్షన్ ఇస్తుంది. అందులో చికోరీ ఎందుకంటారా? అది ఒక మొక్క వేరు, దాంట్లో కెఫీన్ ఉండదు. కాఫీ కంటే ఎక్కువగా నీళ్ళలో కరుగుతుంది కాబట్టి రంగూ చిక్కదనమూ వస్తాయి. పాలలోని కేసీన్ అనే ప్రొటీను కాఫీలో వగరు పదార్థాలను పట్టుకుని నాలుకకు తగలనివ్వదు. అందుకే ఘాటు డికాక్షన్‌కి చిక్కటి పాలు అంత బాగా కుదిరాయి. అయితే కొండ రుచి తెలియాలంటే మాత్రం, మొదటి రెండు గుక్కలు పాలూ పంచదారా లేకుండా తాగి చూడండి. సెగలు కక్కుతుండగా తాగితే నాలుకకు వేడి తప్ప ఏదీ తెలీదు. చల్లారుతున్నకొద్దీ పులుపు, తీపి విడివిడిగా బయటపడతాయి. ముక్కు మూసుకుని ఒక గుక్క తాగి, మింగాక ముక్కు వదలండి. చేదూ పులుపూ నాలుక చెప్పినవి, ఆ తర్వాత ఒక్కసారిగా వచ్చిన కమ్మదనం గొంతు వెనకనుంచి ముక్కుకెక్కిన వాసన. వేగిన కాఫీలో ఎగిరే పదార్థాలు 800కు పైనే గుర్తించారు.

ఇక మీ బ్రంచ్ సంగతి. పదకొండింటి కాఫీ మంచి వేళే. పగలంతా మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటూ ఉంటుంది, అది తన గూళ్ళలో కూచుంటే నిద్ర ముంచుకొస్తుంది. కెఫీన్ వెళ్ళి, బస్సులో తువ్వాలు వేసి సీటు పట్టుకున్నట్టు, ఆ గూళ్ళను ముందే ఆక్రమిస్తుంది. తాగినదాంట్లో సగం ఒంట్లోంచి పోవడానికి ఇంచుమించు ఐదు గంటలు పడుతుంది, మనిషి మనిషికీ తేడా ఉన్నా. పదకొండింటిది రాత్రి పడుకునేసరికి చాలావరకు దిగిపోతుంది. సాయంత్రం ఆరింటిది అలా కాదు.

అమ్మాయిలూ, మీకు ఇంకో మాట. కాఫీలోని పాలీఫినాల్స్ తిండిలోని ఇనుమును ఒంటికి సరిగా పట్టనివ్వవు. 1983లో అచ్చయిన ఒక అమెరికన్ అధ్యయనంలో, హాంబర్గర్‌తో పాటు కాఫీ తాగితే ఇనుము పట్టడం 39 శాతం తగ్గింది. తిన్న గంటకు తాగినా అంతే తగ్గింది. తినడానికి గంట ముందు తాగినప్పుడు మాత్రం తేడా రాలేదు. రక్తం తక్కువగా ఉన్నవాళ్ళు ముందు కాఫీ తాగి, తోటలో ఓ చుట్టు తిరిగొచ్చి, అప్పుడు తినండి. తినే ఉప్మా మీదో, పెసరట్టు పక్కన ముక్కల మీదో నిమ్మకాయ పిండుకుంటే అందులోని సి విటమిన్ ఇనుముకు సాయపడుతుంది.

తిరిగొచ్చేటప్పుడు అరకు కాఫీ మ్యూజియం దగ్గరో, గిరిజన సహకార సంస్థ దుకాణంలోనో కాఫీ కొనేటట్టయితే, దొరికితే పొడి మానేసి గింజలే తీసుకోండి. ఒక్క గింజను వందల నలుసులు చేస్తే గాలి తగిలే మేర చాలా పెరిగిపోతుంది, వాసన నిమిషాల్లో ఎగరడం మొదలవుతుంది. ప్యాకెట్ మీద వేయించిన తేదీ చూడండి, నెలలోపుదైతే మేలు. ఫ్రిజ్‌లో పెట్టకండి, తీసినప్పుడల్లా చెమ్మ పట్టి పక్కన ఉల్లిపాయ వాసన కూడా లాగేసుకుంటుంది. గట్టి మూత డబ్బాలో పోసి, ఎండ తగలని అలమరలో ఉంచి, ఏ పూటకు కావలసినవి ఆ పూట ఆడించుకోండి.