తినడం లేదా, తినలేకపోతోందా?

"సార్, మా స్నూపీ వారం నుంచి ఏమీ తినడం లేదు." ఫోన్లో ఈ మాట వినగానే నేనడిగే మొదటి ప్రశ్నకు చాలామందికి ఒళ్లు మండుతుంది. "వారం నుంచి ఏమీ తినకపోతే వెనకాల ఆ మొరుగుడు ఎవరిదమ్మా?"

నేను డాక్టర్ని కాను. పశువుల ఆసుపత్రిలో అటెండరుగా చేరి, జనం నోట కాంపౌండరునై, ములకలపల్లి, దమ్మపేట, చర్ల మండలాల్లో ఎద్దులకూ మేకలకూ కట్లు కడుతూ రిటైరయ్యాను. ఇప్పుడు పాల్వంచలో ఉంటున్నాను. సర్వీసంతా కలిపి చూడనన్ని కుక్కలు ఇప్పుడు మా గడప తొక్కుతున్నాయి. వాటిలో సగానికి సగం తిండి గొడవే.

ఈ స్నూపీ ఎనిమిది కిలోల తెల్ల పమేరియన్. వెళ్లి చూస్తే సోఫా మీద దర్జాగా పడుకుని ఉంది. కళ్లు చురుగ్గా ఉన్నాయి, చిగుళ్లు గులాబీ రంగులో ఉన్నాయి, తోక ఆడుతోంది. పళ్లెంలో పెరుగన్నం మాత్రం ఎండి అట్టకట్టింది. పొద్దుటి నుంచి దాని నోట్లోకి ఏమేం వెళ్లాయో ఒక్కొక్కరినీ అడిగాను. ఇంటాయన టీ తాగుతూ రెండు గ్లూకోజ్ బిస్కెట్లు వేశాడు. బడికి పోతూ పాప రెండు వేసింది. పాలవాడొచ్చినప్పుడు మొరగకుండా ఇంకో రెండు. మిగతా లెక్క నానమ్మ దగ్గర తేలింది. "అన్నం ముట్టకపోతే చూస్తూ ఊరుకుంటామా అయ్యా? నాలుగంటే నాలుగే పెట్టా."

మొత్తం పది. చిన్న బిస్కెట్ ఒక్కోటి సుమారు పాతిక కేలరీలు, పది కలిస్తే 250. అంతటి కుక్కకు రోజంతటికీ కావలసింది 500 పైచిలుకు. అంటే సగం భోజనం పళ్లెం జోలికి పోకుండానే అయిపోయింది. చిరుతిండి రోజు తిండిలో పదో వంతు దాటకూడదని పశువైద్యులు చెబుతారు. ఆ లెక్కన స్నూపీకి రెండు బిస్కెట్లు చాలు, అవీ ఒకరి చేత్తోనే.

అంతకన్నా గట్టి చిక్కు ఇంకోటుంది. పెరుగన్నం వదిలేస్తే బిస్కెట్ వస్తుందని అది కనిపెట్టింది. రష్యాలో పావ్‌లోవ్ కుక్కల జీర్ణరసాల మీద పనిచేసి 1904లో నోబెల్ అందుకున్నాడు. తిండి తెచ్చే మనిషి వస్తున్నట్టు తెలిస్తే చాలు, కుక్కకు నోరూరుతుందని ఆయన ప్రయోగశాలలోనే గమనించారు. ఈ ఇంట్లో అదే పని డబ్బా మూత చప్పుడు చేస్తోంది.

దుమ్ముగూడెం, చర్ల అడవి అంచు కోయ గూడేల్లో "మా కుక్క ఏరుకుని తింటోంది" అని నాతో ఎవరూ అనలేదు. ఇప్పపూలు రాలే మార్చి, ఏప్రిల్ నెలల్లో అక్కడి కుక్క తెల్లారకముందే ఇంటివాళ్ల వెంట చెట్ల కిందికి పోతుంది. ఆ తర్వాత తునికాకు పని. ఎండెక్కాక తిరిగొస్తే పగిలిన కుండపెంకులో జొన్న గట్కో, గంజి మెతుకులో, చేప తలకాయో పడుతుంది. నిమిషంలో పెంకు అద్దంలా అవుతుంది. కాస్త ఆలస్యం చేస్తే కోళ్లు, పక్కింటి కుక్క కాచుకునే ఉంటాయి. అలాగని ఆ బతుకు గొప్పదని నేననను. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు, కడుపులో ఏలికపాములు, టీకా ఊసే ఉండదు. కానీ మైళ్ల కొద్దీ నడిచి, వేళకు ఒక్కసారి తినే కుక్కకు గట్క కూడా కమ్మగానే ఉంటుంది.

"అసలు మాంసం తినే జంతువుకు అన్నమేంటి సార్" అని కుర్రాళ్లు అడుగుతారు. అన్నం కుక్కకు అరుగుతుంది. పిండిపదార్థాన్ని అరిగించే జన్యువు తోడేలులో రెండు ప్రతులే ఉంటే కుక్కలో నాలుగు నుంచి ముప్పై దాకా ఉన్నాయని స్వీడన్ శాస్త్రవేత్తలు 2013లో తేల్చారు. మనిషి పంచన చేరి, మనిషి తిండికి అలవాటుపడ్డాక వచ్చిన మార్పు అది. అదే ఏడాది బ్రిటన్‌లో ఇంకో పరిశోధన వచ్చింది. కుక్కల ముందు రకరకాల మేత పెట్టి ఇష్టమున్నది తినమంటే, అవి ఎంచుకున్న తిండిలో శక్తి మూడింట రెండు వంతుల దాకా కొవ్వు నుంచే వచ్చింది, మాంసకృత్తులు నూటికి 30, పిండిపదార్థం నూటికి 7. కాబట్టి అన్నం పక్కకు నెట్టి కోడి ముక్క ఏరుకునే కుక్కను పెంకిదని తిట్టకండి. ఉత్త పెరుగన్నం దానికి చాలదు కూడా. ఉడికించిన గుడ్డో, ఎముకలు తీసిన చికెనో, చేపో కలిపి, ఏరుకునే వీల్లేకుండా మెత్తగా పిసికి పెట్టాలి.

గోరువెచ్చగా పెడితే ఇంకా మంచిది. మన నాలుక మీద రుచి మొగ్గలు 9 వేల దాకా ఉంటే కుక్కకు 1,700 ఉంటాయంటారు. అది తినాలో వద్దో తేల్చుకునేది ముక్కుతో. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి ముద్దకు వాసనే ఉండదు. రోజూ ఒకే చోట, ఒకే వేళకు పళ్లెం పెట్టండి. ఇరవై నిమిషాలు చూసి, తినకపోతే మాట్లాడకుండా తీసేయండి. బతిమాలొద్దు, చేత్తో నోట్లో పెట్టొద్దు. మళ్లీ పూటకే. ఒంట్లో బాగున్న పెద్ద కుక్క ఒక రోజు ఉపవాసముంటే ఏమీ కాదు. స్నూపీ రెండో రోజు సాయంత్రం దారికొచ్చింది. ఆ రెండు రోజులూ నానమ్మ నాతో మాట్లాడలేదు.

తినడం లేదని మరీ ఆత్రపడి చేపల పులుసు కలిపేవాళ్లున్నారు. ఇది మన తెలుగిళ్లలో ప్రత్యేకంగా చెప్పాల్సిన సంగతి. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తంలో ఎర్రకణాలను చిట్లగొడతాయి. ద్రాక్ష, కిస్‌మిస్ మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. కారణం టార్టారిక్ ఆమ్లం కావచ్చని అమెరికాలో జంతువుల విషబాధలు చూసే వైద్యులు ఈమధ్య గుర్తించారు. ఆ ఆమ్లం చింతపండులో దండిగా ఉంటుంది. చింతపండు తిని మూత్రపిండాలు చెడిన కుక్కల కేసులూ వాళ్ల దృష్టికొచ్చాయి. కాబట్టి పులుసు, పులిహోర, కిస్‌మిస్ లడ్డూ మనకే ఉంచుకుందాం.

కొన్ని రోజుల్లో తిండి తగ్గడం మామూలే. మే నెలలో ఇక్కడ ఎండ 45 డిగ్రీలకు ఎగబాకితే కుక్క మధ్యాహ్నం తినదు. తెల్లవారుజామున, చీకటి పడ్డాక పెట్టాలి. చిత్తకార్తెలో వీధిలో ఆడకుక్క ఎదకొచ్చిందంటే ఇంట్లో మగకుక్క గేటు దగ్గరే కాపురం పెడుతుంది, కోడి ముక్క చూపించినా తల తిప్పదు. నాలుగు రోజులు పోతే అదే సర్దుకుంటుంది.

తినాలని ఉండీ తినలేని కుక్క వేరు. దమ్మపేటలో ఉన్నప్పుడు మేకల కాపరి ఒకాయన తన కుక్కను భుజాన వేసుకొచ్చాడు. గట్క ముందు పెడితే ఆత్రంగా వచ్చింది, వాసన చూసింది, నాలుక పెట్టి ఒక్కసారిగా తల వెనక్కి లాక్కుంది. ముందు కాలితో దవడ గీరుకుంటోంది. నోటి నుంచి కుళ్లు వాసన. డాక్టరు గారు వెంటనే దాని నోరు తెరిచి చూడలేదు. టీకా వేయించావా, ఈమధ్య ఏదైనా కుక్క కరిచిందా అని ముందు అడిగారు. కాపరి టీకా చీటీ చూపించాకే గ్లౌజులు తొడిగి, మత్తు సూది వేసి పైపెదవి ఎత్తారు. అంగిలికి అడ్డంగా, అటు దవడ పళ్లకూ ఇటు దవడ పళ్లకూ మధ్య, వేలెడు వెదురు చీలిక గడియ వేసినట్టు బిగుసుకుని ఉంది. దాని కింద చర్మం నల్లబడింది. పటకారుతో తిప్పి లాగితే టక్కుమని వచ్చింది. సాయంత్రానికి జారుగా కలిపిన గట్క నాకింది.

ఆయన ముందుగా ఆ రెండు ప్రశ్నలు అడిగింది రేబిస్ గురించి. రేబిస్ సోకిన కుక్కకు గొంతు కండరాలు పడిపోయి మింగుడు పడదు, కింది దవడ వేలాడుతుంది, చొంగ కారుతుంది. అచ్చం గొంతులో ఎముక ఇరుక్కున్నట్టే ఉంటుంది. పాపమని చెయ్యి పెట్టి వెతికితే ఆ చొంగలోనే వైరస్. టీకా లేని కుక్క ఇలా కనిపిస్తే నోట్లో చెయ్యి పెట్టొద్దు. పొరపాటున చొంగ గాయానికి తగిలితే పావుగంట సేపు సబ్బు నీళ్లతో కడిగి వెంటనే మనుషుల ఆసుపత్రికి పరుగెత్తాలి.

అడవి పక్కన మాకు ఎక్కువ కనిపించేది పిడుదుల జ్వరం. ఇష్టమైన తిండీ వద్దంటుంది, మూలన పడుకుంటుంది, చిగుళ్లు పాలిపోతాయి, ఒక్కోసారి ముక్కు నుంచి రక్తం కారుతుంది. కుక్క ఒంటి వేడి మామూలుగానే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటుంది, ముట్టుకుని జ్వరమని చెప్పలేం. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు పడిపోయి ఉంటే డాక్టరు గారు మందు రాస్తారు, సుమారు నాలుగు వారాలు ఆపకుండా వాడాలి. వరదనీళ్లు ఊళ్లోకి వచ్చాక కళ్లు పచ్చబడి, వాంతులవుతూ తిండి మానేస్తే ఎలుకల మూత్రంతో వచ్చే లెప్టోస్పైరోసిస్ అని అనుమానించాలి. మన జ్వరం బిళ్లలు మాత్రం వేయకండి, పారాసిటమాల్ అయినా సరే. పెద్ద కుక్క రెండో రోజు కూడా ముట్టకపోతే ఆసుపత్రికి తీసుకెళ్లండి. రెండు నెలల పిల్లయితే ఒక్క పూట మానేసినా ఆగొద్దు, చక్కెర పడిపోయి సొమ్మసిల్లుతుంది.