అర్ధరాత్రి తూము ఎత్తేదెవరు?

మా తోట్లవల్లూరులో రాత్రి పది దాటితే కరకట్ట మీద ఏ లారీయో పోయే చప్పుడు తప్ప మరేమీ వినపడదు. ఆ నిశ్శబ్దంలో ఒకరోజు ముందుగదిలో కంప్యూటరు రొప్పడం మొదలెట్టింది. దాని ముందు ఎవరూ లేరు. తెర ఆరిపోయి ఉంది. డబ్బాలో ఫ్యాను మాత్రం ఎండాకాలం బోరు మోటారులా తిరుగుతోంది.

వసారాలో మంచం మీద పడుకున్న పెదనాన్న లేచి కూర్చున్నాడు.

“ఏరా అబ్బాయ్, దాన్ని కట్టేయలేదా?”

“లేదు పెదనాన్నా. పనేం చేయట్లేదులే, ఊరికే ఉంది.”

“ఊరికే ఉండేది అట్టా రొప్పుద్దా? ఎవడో తూము ఎత్తుంటాడు, చూడు.”

పెదనాన్న నలభై ఏళ్ళు శివారు పొలం చేసిన మనిషి. కాలువలో నీళ్ళు తగ్గితే పైన ఎక్కడో ఎవడో వంతు తప్పి తూము ఎత్తాడని పడుకున్నచోటి నుంచే చెప్పగలడు. ఈసారీ తప్పలేదు. ఇంకో పది నిమిషాలకు నా ఫోనుకు మెసేజ్ వచ్చింది, ఈ రోజు 1.5 జీబీ కోటా అయిపోయిందని. కంప్యూటరు ఆ ఫోను హాట్‌స్పాట్ మీదే ఉంది. అదే హాట్‌స్పాట్ మీద పక్కగదిలో పాఠం వింటున్న మా అమ్మాయి “నాన్నా, మాస్టారు ఆగిపోయారు!” అని కేకేసింది.

టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే దొంగలు ఇద్దరు. ఒకటి, పిల్లలు ఎప్పుడో ఎక్కించి మరిచిపోయిన ఆట. తనంతట తాను కొత్త వెర్షను దించుకుంటోంది. రెండోది ఒక ప్రింటర్ కంపెనీవారి అప్‌డేటర్. ఆ ప్రింటరు పాడైపోయి పాతసామాన్లవాడికి వేసి మూడేళ్ళయింది. దాని యోగక్షేమాలు చూసే మనిషి మాత్రం ఇంకా మా ఇంట్లోనే కాపురం ఉన్నాడు.

ఈ అప్‌డేటర్ అనే జీవి ఇంట్లోకి ఎప్పుడు, ఎవరు పిలిస్తే వచ్చింది?

దీని పూర్వీకుడి పేరు ప్యాచ్. ప్యాచ్ అంటే అచ్చంగా మన మాసికే. 1944లో పనిలోకి దిగిన హార్వర్డ్ మార్క్-1 యంత్రానికి ఆజ్ఞలన్నీ కాగితపు పట్టీ మీద చిల్లుల రూపంలో వెళ్ళేవి. చిల్లు పడకూడని చోట పడితే దాని మీద కాగితం ముక్క అంటించి మూసేవారు. చిరిగిన పంచెకు మాసిక వేసినట్టే. తర్వాత టేపులొచ్చాయి, ఫ్లాపీలొచ్చాయి. ఏ రూపంలో వచ్చినా మాసిక వేయాలా వద్దా అన్నది యంత్రం దగ్గర కూర్చున్న మనిషి ఇష్టంగానే ఉండేది.

1998 జూన్‌లో విండోస్ 98తో ‘విండోస్ అప్‌డేట్’ అనే పేరు జనంలోకి వచ్చింది. అప్పుడది పిలవని పేరంటం కాదు. మనమే నెట్‌కి వెళ్ళి అడిగి తెచ్చుకోవాలి. 2000లో వచ్చిన ‘విండోస్ మీ’ వెర్షనులో మొదటిసారి ‘ఆటోమేటిక్’ అనే మాట చేరింది. 2001లో ఎక్స్‌పీతో పాటు ‘బ్యాక్‌గ్రౌండ్ ఇంటెలిజెంట్ ట్రాన్స్‌ఫర్ సర్వీస్’ అనే పొడుగుపేరు పనివాడొకడు వచ్చాడు. ముద్దుపేరు బిట్స్. నన్నడిగితే ఈ కథలో అసలు ఆవిష్కరణ ఇదే.

అప్పట్లో మనవన్నీ టెలిఫోన్ తీగ మీద నడిచే కనెక్షన్లు. మోడెం సెకనుకు 56 కిలోబిట్లు ఇస్తే గొప్ప. అంటే ఒక ఎంబీ దిగడానికి రెండున్నర నిమిషాలు. 2004 ఆగస్టులో వచ్చిన ఎక్స్‌పీ రెండో సర్వీస్ ప్యాక్ పూర్తి ఫైలు 266 ఎంబీ. లెక్కేస్తే, లైను ఒక్కసారి కూడా తెగకుండా ఉంటేనే పదకొండు గంటల పని. మధ్యలో ఎవరైనా ఫోను చేస్తే మళ్ళీ మొదటికొచ్చేది. బిట్స్ ఈ చిక్కును చక్కగా విప్పింది. ఫైలును ముక్కలు ముక్కలుగా తెస్తుంది. లైను తెగితే ఆగినచోటి నుంచి మళ్ళీ అందుకుంటుంది. మనం ఏదైనా చూస్తుంటే పక్కకు తప్పుకుని, మనం చేయి తీసిన క్షణంలో మిగులు నీరు తోడుకుంటుంది.

మరి అంత బుద్ధిమంతుడైతే గొడవెక్కడ? మొదట్లో అది చూసిన ఖాళీ తన కంప్యూటరు నెట్‌వర్క్ కార్డులోని ఖాళీ. ఇంట్లో ఒక్క కంప్యూటరే ఉన్న రోజుల్లో అది సరిపోయింది. ఒకే కనెక్షను మీద నాలుగు ఫోనులు, ఒక టీవీ బతికే ఇంట్లో తన బోదె నిండిందా లేదా అని మాత్రమే చూసుకునే రైతు ఎలాంటివాడో డెల్టావాళ్ళకి చెప్పక్కర్లేదు. ఇక మా ఇంట్లో దొరికిన ఆట లాంటివైతే ఈ మాత్రం మర్యాద కూడా నేర్చుకున్నవి కావు. తూము పూర్తిగా ఎత్తేసి తోడుకుంటాయి.

తిట్టడం తేలిక. కానీ అసలు అడక్కుండా తూము ఎత్తే అధికారం వీటికి ఎందుకిచ్చారో కూడా చెప్పుకోవాలి. 2003 జనవరి 25న ‘స్లామర్’ అనే పురుగు పుట్టింది. దాని సైజు 376 బైట్లు. కంప్యూటర్లో తెలుగు అక్షరాలు దాచే లెక్కన చూస్తే అందులో రెండు మూడు వాక్యాలకు మించి పట్టవు. మొదటి నిమిషంలో ఎనిమిదిన్నర సెకన్లకోసారి రెట్టింపయింది. పది నిమిషాల్లో ప్రపంచంలో దానికి దొరకగల యంత్రాల్లో 90 శాతాన్ని పట్టేసింది. దానికి విరుగుడు మాసిక అంతకు ఆరు నెలల ముందే సిద్ధంగా ఉంది. వేసుకోమని చెప్పారు, చాలామంది వేసుకోలేదు. అదే ఏడాది ఆగస్టులో బ్లాస్టర్ అనే ఇంకో పురుగుతో ఇదే కథ. ఆ అక్టోబరు నుంచే మైక్రోసాఫ్ట్ నెలకోసారి, రెండో మంగళవారం, మాసికలన్నీ ఒక్క మూటగా ఇవ్వడం మొదలుపెట్టింది. అమెరికాలో మంగళవారం పొద్దుట విడుదలయ్యేది మనకు ఆ రాత్రికి చేరుతుంది. రెండో మంగళవారం రాత్రో బుధవారమో మీ కంప్యూటరు మందగిస్తే అనుమానించాల్సింది ముందు క్యాలెండర్‌ని.

ఇదంతా ఎక్కడో జరిగిన సంగతి అనుకుంటే 2017 మే 12ని గుర్తు చేసుకోవాలి. ఆ శుక్రవారం ‘వాన్నాక్రై’ పుట్టి దాదాపు 150 దేశాలకు పాకింది. ఫైళ్ళన్నీ తాళం వేసి, తాళంచెవికి 300 డాలర్లు బిట్‌కాయిన్లలో అడిగింది. మన రాష్ట్రంలో పోలీసులకూ దెబ్బ తగిలింది. చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లో 18 పోలీసు యూనిట్ల కంప్యూటర్లు దాని బారిన పడ్డాయని అప్పట్లో పత్రికలు రాశాయి. మా జిల్లా పేరు ఆ జాబితాలో చూసి నేను చదువుతున్న పేపరు పెదనాన్నకు ఇచ్చాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని, “పోలీసోళ్ళింట్లోనే దొంగలు పడ్డారన్నమాట” అని మళ్ళీ జిల్లా పేజీకి తిప్పుకున్నాడు. ఆ కన్నం పూడ్చే మాసిక మార్చి 14నే విడుదలైంది. దాదాపు రెండు నెలల ముందు.

వాన్నాక్రైకి దాదాపు రెండేళ్ళ ముందే, 2015 జులై 29న విండోస్ 10 వచ్చినప్పుడు కంపెనీ ఇక బతిమాలడం మానేసింది. హోమ్ ఎడిషన్‌లో అప్‌డేట్ వద్దనే బొత్తామే లేదు. అప్పటికి ఆ కంపెనీ పగ్గాలు మన హైదరాబాదు కుర్రాడి చేతిలో ఉన్నాయి. బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ళ 2014 ఫిబ్రవరి 4న సీఈఓ అయ్యాడు. మనవాడని మురిసిపోతూనే చెబుతున్నా, ఆ బలవంతం శ్రుతి మించింది. కాలిఫోర్నియాలో ట్రావెల్ ఏజెన్సీ నడుపుకునే టెరీ గోల్డ్‌స్టీన్ అనే ఆవిడ, అడక్కుండా వచ్చిపడిన విండోస్ 10 వల్ల తన వ్యాపారం దెబ్బతిందని చిన్న తగాదాల కోర్టుకెక్కి 10,000 డాలర్లు గెలుచుకుంది. 2019 మేలో వచ్చిన వెర్షనుతో గానీ ఇళ్ళలోని కంప్యూటర్లకు ‘ఒక వారం ఆగు’ అనే మాట దక్కలేదు. ఆ వారాలు కూడా అయిదు, మొత్తం 35 రోజులు. వంతు వాయిదా వేసుకోవచ్చు గానీ ఎగ్గొట్టడానికి లేదన్నమాట.

ఇక్కడొక చిన్న పక్కదారి, మా ఊరివాడిగా నాకు ఇష్టమైనది. ఈ మాసికల ప్రపంచంలో ‘డెల్టా’ అనేది వాడుక మాట. పాత ఫైలుకూ కొత్త ఫైలుకూ మధ్య తేడా మాత్రమే పంపితే దాన్ని డెల్టా అప్‌డేట్ అంటారు. కృష్ణ సముద్రంలో కలిసేచోట భూమి గ్రీకు అక్షరం డెల్టాలా మూడు మూలలుగా ఉంటుంది కాబట్టి మాది డెల్టా. లెక్కల్లో అదే అక్షరం తేడాకు గుర్తు కాబట్టి అదీ డెల్టా. 2009లో గూగుల్‌వారు క్రోమ్ కోసం ‘కూర్జెట్’ అనే పద్ధతి తయారుచేశారు. ఒక క్రోమ్ కొత్త వెర్షను పూర్తిగా పంపితే సుమారు కోటీ నాలుగు లక్షల బైట్లు. మామూలు తేడా పద్ధతిలో ఏడు లక్షలు. కూర్జెట్‌తో 78,848. కిటుకేమిటంటే, ప్రోగ్రాములో ఒక్క వాక్యం పెరిగినా దాని తర్వాతి చిరునామాలన్నీ జరుగుతాయి, మధ్యలో ఒక ఇల్లు కడితే వీధిలో ఇంటి నంబర్లన్నీ మారినట్టు. కూర్జెట్ ఆ నంబర్లను ముందు పేర్లుగా మార్చి, అప్పుడు తేడా చూస్తుంది. జరిగిందల్లా ఒక్క ఇల్లు కట్టడమేనని అప్పుడు బయటపడుతుంది.

ఇంత పొదుపు నేర్చినవాళ్ళు ఉన్నారు. మా ఇంట్లో దొరికిన ప్రింటరువాడి లాంటివాళ్ళూ ఉన్నారు. ప్రతి కంపెనీ తన సొంత లస్కరును మన గట్టు మీద కాపలా పెట్టడంతోనే తంటా. క్రోమ్‌వాడు దాదాపు అయిదు గంటలకోసారి వచ్చి చూసిపోతాడు. పీడీఎఫ్ చదివేదానికి ఒకడు, వీడియో కార్డుకి ఒకడు, కీబోర్డుకి ఒకడు.

కోటా అయిపోయిన ఆ రాత్రి గడిచి, మర్నాడు పొద్దున్నే పని మొదలెట్టాను. టాస్క్ మేనేజర్లో స్టార్టప్ జాబితా చూస్తే దొరికేది సగమే. మిగతా సగం రెండుచోట్ల దాక్కుంటాయి, సర్వీసుల్లో, టాస్క్ షెడ్యూలర్‌లో. షెడ్యూలర్ తెరిచి ఒక్కో వరస మీద నొక్కితే కింద ‘ట్రిగ్గర్స్’ అని పలక ఉంటుంది. ఎవడు ఎన్నింటికి వస్తాడో అక్కడ రాసి ఉంటుంది. మా ప్రింటరువాడు లాగిన్ అయిన ప్రతిసారీ ఒకసారి, మళ్ళీ రోజూ రాత్రి పదకొండింటికి ఒకసారి! కుడిబొత్తాం నొక్కి ‘డిసేబుల్’ అన్నాను. ‘డిలీట్’ అనలేదు. తీసేసింది తప్పని తేలితే తిరిగి పెట్టుకునే దారి ఉండాలి.

అన్నీ ఒక్కచోట చూడాలంటే ‘ఆటోరన్స్’ ఉంది. మార్క్ రుసినోవిచ్ బృందం సిస్‌ఇంటర్నల్స్ పేరుతో ఇచ్చిన ఉచిత పనిముట్లలో అది ఒకటి. 2006లో ఆ సంస్థను మైక్రోసాఫ్టే కొనేసింది. ముందు మైక్రోసాఫ్ట్ వరసలు దాచే ఎంపిక పెట్టుకోవాలి, లేకపోతే చిక్కులో పడతాం. పసుపురంగు వరస కనిపిస్తే, పిలవాల్సిన ఫైలు డిస్కులో లేదని అర్థం. ఇల్లు ఖాళీ చేసి పోయినవాడి కోసం రోజూ వచ్చి తలుపు కొట్టేవాడు. మా దాంట్లో అలాంటివి నాలుగు తేలాయి. ప్రింటరు సాఫ్ట్‌వేరును కంట్రోల్ ప్యానెల్లోంచి మొత్తం పీకేశాను. ఆటదీ అంతే, మా అమ్మాయి ఒప్పుకున్నాక.

విండోస్ అప్‌డేట్ జోలికి మాత్రం పోలేదు. పోయినా లాభం తక్కువ. ఆ సర్వీసు మెడ పట్టి ఆపేస్తే, దాన్ని లేపి కూర్చోబెట్టడానికి ‘మెడిక్’ అనే వైద్యుణ్ణి కూడా లోపలే పెట్టారు. వంతు మాత్రం నేను నిర్ణయించాను. హాట్‌స్పాట్ కనెక్షనును ‘మీటర్డ్’ అని గుర్తుపెట్టాను. అది కొలిచి వాడాల్సిన నీరని దానికి చెప్పడమే. అప్పుడు పెద్దపెద్ద అప్‌డేట్లు నోరు మూసుకుని కూర్చుంటాయి. పక్క కంప్యూటర్లకు మన డేటాతో అప్‌డేట్ ముక్కలు పంచే ‘డెలివరీ ఆప్టిమైజేషన్’ కూడా ఆపాను. రెండో మంగళవారం మర్నాడు పొద్దున, కోటా నిండుగా ఉన్నప్పుడు, నేనే కూర్చుని రమ్మంటాను.

వచ్చిందల్లా అదే క్షణం లోపలికి రానివ్వడం కూడా తెలివి కాదని 2024 జులై 19 చూపించింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ మన టైము ప్రకారం ఉదయం 9:39కి ఒక చిన్న ఫైలు పంపింది. 20 గళ్ళు ఉన్నచోట 21వ గడి చదవబోయి విండోస్ యంత్రాలు కుప్పకూలాయి. 78 నిమిషాల్లో ఆ ఫైలును వెనక్కి తీసుకున్నారు గానీ అప్పటికే 85 లక్షల యంత్రాలు నీలితెరకు చేరాయి. ఆ రోజు శంషాబాద్ విమానాశ్రయంలో ఇండిగో సిబ్బంది ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు పెన్నుతో రాసిచ్చారు.

మా కంప్యూటరు విండోస్ 10ది. పాతది, 11 ఎక్కదు. 2025 అక్టోబరు 14తో దానికి మామూలుగా వచ్చే మాసికలు ఆగిపోయాయి. పేరు నమోదు చేసుకున్నవాళ్ళకు ఇంకో ఏడాది ఇస్తామన్నారు, నేనింకా చేయలేదు. నవంబరులో ఆ బుధవారం అలవాటుగా కూర్చుని చూశాను. రావాల్సింది రాలేదు. రాత్రి పదకొండయినా ముందుగదిలో చప్పుడు లేదు. పెదనాన్న మంచం మీద అటు తిరిగి పడుకునే అడిగాడు.

“ఏరా, రొప్పట్లేదు. కాలువ కట్టేశారా ఏంటి?”

“కట్టేశారు పెదనాన్నా.”

“చెప్పే కట్టారుగా?”

“చెప్పారు.”

“మరి బోరు సంగతి చూసుకోవద్దా!” అని దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు.