పికప్ ట్రక్ డీఆర్ఎల్ ఆఫ్ చేయాలా? వైర్ కట్ చేసే ముందు ఇది చూడండి

డల్లాస్ నుంచి మా బావ ఫోన్ చేశాడు. "పికప్ కొన్నాను రా, పగలు కూడా ముందు లైట్లు వెలుగుతూనే ఉన్నాయి, వైర్ కట్ చేసేయనా?" అన్నాడు. ఆగు బావా అన్నాను.

అవి డే టైమ్ రన్నింగ్ లైట్స్, అంటే డీఆర్ఎల్. పగలు ఎదుటివాళ్లకి మన బండి కనపడటానికే. అమెరికాలో ఇవి ఉండాలని ఫెడరల్ రూల్ లేదు. కెనడాలో మాత్రం 1989 డిసెంబర్ 1 తర్వాత తయారైన బండ్లకి తప్పనిసరి, అక్కడ వీటి జోలికి వెళ్లొద్దు.

ఆఫ్ చేయాలంటే ముందు లైట్ స్విచ్ చూడండి. 2016 తర్వాత అమెరికాలో అమ్మిన చాలా టొయోటా టకోమాల్లో స్విచ్ మీదే 'డీఆర్ఎల్ ఆఫ్' ఉంటుంది. లేకపోతే స్క్రీన్ సెట్టింగ్స్, ఓనర్స్ మాన్యువల్ చూడండి. ఫోర్డ్ ఎఫ్-150 అయితే ఫోర్‌స్కాన్ సాఫ్ట్‌వేర్‌తో ఓబీడీ పోర్ట్ నుంచి మార్చొచ్చు. పాత వాల్యూస్ బ్యాకప్ తీసుకోకుండా మాత్రం ముట్టుకోకండి. పార్కింగ్ బ్రేక్ కొంచెం వేసి నడిపే చిట్కా అస్సలు వద్దు, బ్రేకులు అరిగిపోతాయి.

అసలు డేంజర్ ఇంకోటుంది. చాలా బండ్లలో డీఆర్ఎల్ వెలుగుతున్నా వెనక లైట్లు వెలగవు. ముందు వెలుతురు చూసి లైట్లు ఉన్నాయిలే అనుకుంటాం. జోరు వానలో వెనకొచ్చే ట్రక్కుకి మనం కనపడం. అందుకే వాన, పొగమంచు ఉంటే హెడ్‌లైట్ మీరే ఆన్ చేయండి, ఆటోని నమ్ముకోవద్దు.

బావకి చివరికి స్విచ్ తిప్పితే సరిపోయింది. వైర్ బతికిపోయింది!