భూతాల బొమ్మలు - కొలతల లెక్కలు

రైలింజను నమూనా చేయదలచినవారు రైలింజను వద్దకు వెళ్లి కొలుచుకోవచ్చును. వంతెన నమూనాకు వంతెన ఉన్నది. కాని ఎక్కడా లేని భూతానికి, ఇంకా ఎవరూ ఎక్కని అంతరిక్ష నౌకకు నమూనా చేయవలసి వస్తే దేనిని కొలవాలి? ఈ ప్రశ్న వింతగా తోచవచ్చు గాని, ఇటువంటి నమూనాలు చేయటం అనేక దేశాలలో పెద్దలకు, పిల్లలకు ఒక వినోదవిద్య అయినది. ఇందులో రసాయన శాస్త్రం ఉన్నది, భౌతిక శాస్త్రం ఉన్నది, అన్నిటికన్న ముఖ్యంగా లెక్క ఉన్నది.

1961లో అమెరికాలోని అరోరా ప్లాస్టిక్స్ అనే కంపెనీ ఫ్రాంకెన్‌స్టైన్ భూతాన్ని విడిభాగాలుగా పెట్టెలో పెట్టి అమ్మింది. కొన్నవారే వాటిని అతికించి రంగులు వేసుకోవాలి. మరుసటి సంవత్సరం డ్రాక్యులా, తోడేలు మనిషి వచ్చినవి. ఆ కంపెనీ తరువాత మూతపడినా, ఆ బొమ్మలను ఇతర కంపెనీలు మళ్లీ తయారుచేసినవి.

నిజానికి ఫ్రాంకెన్‌స్టైన్ అనేది భూతం పేరు కాదు. దానిని సృష్టించిన శాస్త్రజ్ఞుని పేరు. మేరీ షెల్లీ 1818లో ప్రచురించిన నవలలో ఆ జీవి ఎత్తు సుమారు 8 అడుగులు. శరీరభాగాలు మరీ సూక్ష్మంగా ఉంటే పని సాగటం లేదని శాస్త్రజ్ఞుడు పెద్ద ఆకారాన్ని ఎంచుకొంటాడు. నమూనాలు చేసేవారందరికీ అనుభవమైన చిక్కే ఇది! అరోరా భూతాల స్కేలు సుమారు 1/8. అనగా 8 అడుగుల జీవి 1 అడుగు బొమ్మ అవుతుంది.

కనుక లేనిదానిని కొలవలేకపోయినా, దాని పక్కన ఉండే తలుపునో మనిషినో కొలవగలము. నౌకను నడిపే 6 అడుగుల మనిషిని 1 అంగుళం చేస్తే స్కేలు 1/72. నౌకలోని ప్రతి కిటికీ, ప్రతి మెట్టు ఆ లెక్కకు లోబడాలి.

అతుకు రహస్యం

ఈ బొమ్మలకు వాడే ప్లాస్టిక్కు పాలీస్టైరీన్. వేలకొలది స్టైరీన్ అణువులు గొలుసువలె కలిసిన బృహదణువులు ఇందులో ఉంటవి. సుమారు 100 సెంటిగ్రేడు డిగ్రీల వద్ద ఇది మెత్తబడుతుంది. ఇంకా వేడిచేసి, కరిగినదానిని ఒత్తిడితో ఉక్కు అచ్చులోకి ఎక్కించి చల్లారిస్తే భాగాలు తయారవుతవి.

వీటిని అతికించే సిమెంటు ముఖ్యంగా ఒక ద్రావణి. అది రెండు అంచులనూ కొద్దిగా కరిగిస్తుంది. అప్పుడు అదిమిపెడితే ఒకదానిలోని గొలుసులు రెండవదానిలోని గొలుసులతో చిక్కుపడతవి. ద్రావణి ఆవిరైపోగానే రెండు ముక్కలూ ఒకటవుతవి. అతికే చోట ముందే రంగు పడితే ద్రావణి ప్లాస్టిక్కును చేరలేదు. కనుక ఆ రంగును గీకివేయాలి. ఈ ఆవిరి పీల్చితే హాని. నిప్పు తగిలితే త్వరగా అంటుకొంటుంది. కాబట్టి కిటికీలు తెరచిన గదిలో, దీపానికి, పొయ్యికి దూరంగా పనిచేయాలి.

పెట్టెలో ఉన్నట్లే చేయాలనే నియమం లేదు. తల ఒక బొమ్మది, చేతులు మరొక బొమ్మవి తీసుకొని, సందులను పుట్టీతో పూడ్చి, గరుకు కాగితంతో నునుపు చేసి కొత్త భూతాన్ని కల్పించేవారున్నారు. 1977లో వచ్చిన స్టార్ వార్స్ చిత్రానికి నౌకల నమూనాలు చేసినవారు, బజారులో దొరికే యుద్ధ ట్యాంకుల బొమ్మల విడిభాగాలను వాటిపై అతికించారు. చిన్న వివరాలు పెరిగినకొద్దీ నౌక కంటికి పెద్దదిగా తోస్తుంది. కాని జాగ్రత్త అవసరం. 1/72 నమూనాపై రంగులో అంటుకొన్న కుంచె వెంట్రుక 0.1 మిల్లీమీటరు మందమైనా, అసలు నౌకపై అది 7 మిల్లీమీటర్ల తాడు అవుతుంది!

లెక్కకు నిలవని భూతం

స్కేలు ఆకారాన్ని కాపాడుతుంది, బలాన్ని కాపాడదు. ఈ సంగతిని గెలీలియో 1638లోనే వివరించాడు. పొడవు రెట్టింపైతే ఎముక అడ్డుకోత వైశాల్యం 4 రెట్లు, బరువు 8 రెట్లు అవుతవి.

6 అడుగుల మనిషిని అదే ఆకారంతో 8 అడుగులు చేశామనుకొందాం. పొడవు 4/3 రెట్లు. ఎముక అడ్డుకోత 16/9, అనగా సుమారు 1.8 రెట్లు. బరువు 64/27, అనగా సుమారు 2.4 రెట్లు. ఎముకలో ప్రతి చదరపు అంగుళంపై భారం మూడవ వంతు పెరుగుతుంది.

ఇది కాగితం మీది లెక్క మాత్రమే కాదు. అమెరికాలో 1918లో జన్మించిన రాబర్ట్ వాడ్లో 8 అడుగుల 11 అంగుళాలు పెరిగాడు. నవలలోని జీవి కొండలెక్కి పరుగులు తీసింది. వాడ్లోకు మాత్రం నడవటానికే కాళ్లకు ఊతపట్టీలు కావలసివచ్చినవి. ఆ పట్టీ ఒరుసుకొని లేచిన పొక్కు చీముపట్టి, అతడు 1940లో 22 ఏళ్ల వయస్సులో మరణించాడు.

1954లో జపానులో తీసిన గాడ్జిల్లా చిత్రంలో జంతువు ఎత్తు 50 మీటర్లు. రబ్బరు తొడుగు ధరించిన నటుడు 1/25 స్కేలుతో కట్టిన నగరంలో నడిచాడు. ఆ ఆకారమే 25 రెట్లు పెరిగితే కాళ్ల అడ్డుకోత 625 రెట్లు, బరువు 15,625 రెట్లు అవుతవి. ప్రతి చదరపు అంగుళంపై భారం 25 రెట్లు! అది అడుగు వేయకముందే ఎముకలు విరుగుతవి.

దీనిని తరగతిలో చూపటం సులభం. బంకమట్టితో 1 అంగుళం ఘనాలు 27 చేయించండి. 8 ఘనాలను 2 అంగుళాల ఘనంగా పేర్చితే నేలను తాకేవి 4. ఒక్కొక్క దాని చోట రెండు ఘనాల బరువు ఉంటుంది. 27 ఘనాలనూ పేర్చితే నేలను తాకేవి 9. ఒక్కొక్క చోట మూడు. తరువాత విద్యార్థులను తమకు నచ్చిన భూతాన్ని ఎంచుకొని, దాని కాళ్లు ఎంత లావుండాలో కట్టమనండి. పొడవు 4 రెట్లయితే బరువు 64 రెట్లు. ఆ భారాన్ని మోయటానికి కాలి లావు 4 రెట్లు చాలదు, 8 రెట్లు కావాలి. ఈ లెక్క ప్రకారం మట్టితో చేసిన భూతం సినిమాలోని భూతం వలె ఉండదు. ఏనుగును పోలి ఉంటుంది.