పలక మళ్లీ పట్టాల్సి వస్తే...

గడ్డిఅన్నారం అనగానే నగరవాసులకు ఇప్పటికీ మామిడిపళ్ల వాసనే గుర్తొస్తుంది. రాత్రంతా లారీలు దిగడం, తెల్లవారుజామున వేలం, తూకం, కమీషన్, హమాలీ కూలీ... ఏళ్ల తరబడి ఆ ఆవరణంతా లెక్కలే! ఒక్క లెక్క తప్పితే రైతు వట్టి చేతులతో ఇంటికి వెళ్లేవాడు. పళ్ల మార్కెట్ బాటసింగారానికి తరలిపోయాక, అదే స్థలంలో వెయ్యి పడకల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రికి 2022 ఏప్రిల్ 26న శంకుస్థాపన జరిగింది. పళ్ల లెక్కలు జరిగిన చోటును మందుల లెక్కలకు ఇచ్చారన్నమాట. ఈ రెండో రకం లెక్కల్లో తప్పి, హాస్టల్ గదిలో తలుపేసుకుని ఏడ్చే ఆడపిల్లల గురించే ఈ వారం మన ఆలోచన.

దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట వీధుల్లోని హాస్టళ్లలో ఉండి నర్సింగ్ చదివే అమ్మాయిల్లో మన సంఘాల బిడ్డలు తక్కువేమీ కాదు. నల్లగొండ నుంచి, ఖమ్మం నుంచి, పాలమూరు నుంచి వస్తారు. వాళ్లలో చాలామంది పదో తరగతి కాగానే 'ఇక లెక్కల పీడ వదిలింది' అనుకుని బైపీసీ తీసుకున్నవాళ్లే. రెండేళ్లు లెక్కల పుస్తకం తెరవరు. తీరా నర్సింగ్‌లో చేరి, తెల్లని యూనిఫాం వేసుకుని, లాంప్ లైటింగ్‌లో ప్రమాణం చేసి, ఆ ఫొటో అమ్మానాన్నలకు పంపిన కొన్నాళ్లకే పాత లెక్కలు ఎదురొస్తాయి. నర్సింగ్ ఫౌండేషన్‌లో, ఫార్మకాలజీలో మోతాదుల లెక్కలు. ఆపైన రీసెర్చ్ పేపర్‌లో స్టాటిస్టిక్స్. పారిపోయామనుకున్నది వార్డు గుమ్మంలో నిలబడి ఉంటుంది!

నిజానికి ఇవి ఆరో తరగతి, ఏడో తరగతి లెక్కలే. 500 మిల్లీలీటర్ల సెలైన్ 4 గంటల్లో ఎక్కాలి, డ్రిప్ సెట్ మీద మిల్లీలీటరుకు 20 చుక్కలని రాసి ఉంది. అంటే మొత్తం 10,000 చుక్కలు, 240 నిమిషాలు. నిమిషానికి ఇంచుమించు 42 చుక్కలు. గంటలను నిమిషాలుగా మార్చడం మరిచిపోయిన అమ్మాయికి 2,500 అని జవాబు వస్తుంది. నిమిషానికి 2,500 చుక్కలు పడే డ్రిప్ ప్రపంచంలో లేదు. కానీ భయంలో ఉన్న మనసు ఆ సంగతి గమనించదు, అంకె వచ్చింది కదా అని రాసేసి కిందికి దిగిపోతుంది. పిల్లల సిరప్ సీసా మీద 5 మిల్లీలీటర్లలో 125 మిల్లీగ్రాములని ఉంటే, 150 మిల్లీగ్రాములు కావాల్సిన బాబుకు ఎంత పట్టాలి? 6 మిల్లీలీటర్లు. చిన్నప్పుడు నేర్చిన ఏకవస్తు పద్ధతికి మించి ఇందులో ఏమీ లేదు. అయినా వణుకు పుడుతుంది. ఎందుకంటే ఆ పద్ధతిని ఆరో తరగతిలో బట్టీ పట్టారే గాని అర్థం చేసుకోలేదు.

పరీక్ష పెట్టేవాళ్లు ఇంత కఠినంగా ఎందుకుంటారని తల్లిదండ్రులు అడుగుతుంటారు. ఇన్సులిన్ సంగతే చూడండి. మన దేశంలో మిల్లీలీటరుకు 40 యూనిట్లుండే సీసాలున్నాయి, 100 యూనిట్లుండేవీ ఉన్నాయి. మొదటిదానికి ఎర్ర మూత సిరంజి, రెండోదానికి నారింజ రంగు మూత సిరంజి. 100 యూనిట్ల మందును 40 యూనిట్ల సిరంజిలోకి 20 గీత దాకా లాగితే లోపలికి వెళ్లేది 20 యూనిట్లు కాదు, 50! ఆ పేషెంట్ తెల్లారేసరికి స్పృహలో ఉండకపోవచ్చు. దశాంశ బిందువు ఒక్క స్థానం జరిగితే మోతాదు పది రెట్లవుతుంది. పెద్దవారి శరీరం కొన్నిసార్లు తట్టుకుంటుందేమో, నెలలు నిండని పసిబిడ్డ తట్టుకోలేదు. కాబట్టి కాగితం మీద తప్పు పట్టుకుని ఫెయిల్ చేసిన టీచరమ్మ మీద కోపం పెంచుకోవడం న్యాయం కాదు. ఆ తప్పు వార్డులో జరగకుండా క్లాసులోనే దొరకడం ఎవరో ముక్కూమొహం తెలియని రోగికి దక్కిన కృప.

ఇంతవరకు సరే. ఫెయిలైన అమ్మాయి మాటేమిటి? మన సంఘాల్లో పరీక్షల ముందు ప్రార్థన విన్నపాలు చదువుతాం, పాసైతే కృతజ్ఞతా కూడిక పెట్టి భోజనాలు వడ్డిస్తాం. ఫెయిలైనవాళ్ల పేరు మాత్రం ఏ చీటీలోనూ ఉండదు! ఆ ఆదివారం నుంచి ఆ అమ్మాయి వెనక బెంచీలోకి మారుతుంది, తర్వాత అసలే రాదు. నాన్న చేసిన అప్పు, చుట్టాల మాటలు, 'ప్రార్థన చేశాం కదా, ఎందుకు తప్పింది?' అనే పెద్దల ప్రశ్న. దేవుడే తనను వద్దన్నాడేమోనన్న అనుమానం అక్కడే మొలకెత్తుతుంది. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు వచ్చాక తెలంగాణలో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్న సంగతి మనం మరిచిపోకూడదు. అలాంటి తలంపు మీ ఇంట్లో బిడ్డకు వచ్చిందన్న అనుమానం ఏమాత్రం కలిగినా, ప్రార్థన చేస్తూనే టెలీమానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. అది 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత సేవ, తెలుగులో మాట్లాడతారు. ఫోన్ చేయడం అవిశ్వాసమని ఎవరైనా అంటే పట్టించుకోనక్కర్లేదు.

అపొస్తలుల కార్యములలో మార్కు అనే మారుపేరున్న యోహానును చూడండి. యెరూషలేములో అతని తల్లి మరియ ఇల్లు సంఘం కూడుకునే ఇల్లు. మంచి కుటుంబం, పెద్దల అండ. పౌలు, బర్నబాలతో మొదటి సువార్త ప్రయాణంలో వెళ్లాడు. అక్కడ అతని పని వాళ్లకు ఉపచారం చేయడం. చూడబోతే మన నర్సమ్మల పనిలాంటిదే! కుప్ర ద్వీపమంతా బాగానే నడిచాడు. సముద్రం దాటి పంఫూలియలోని పెర్గేకు చేరాక మాత్రం వాళ్లను విడిచి ఇంటికి తిరిగి వెళ్లిపోయాడు. కారణం లూకా రాయలేదు. ఆ తర్వాత రెండో ప్రయాణానికి అతన్ని తీసుకువెళదామని బర్నబా అంటే పౌలు ససేమిరా అన్నాడు. మధ్యలో వదిలేసినవాణ్ని నమ్మి పని అప్పగించలేనన్నాడు. ఆ వాదం ఎంత ముదిరిందంటే ఇద్దరు మహాభక్తులు విడిపోయారు. పౌలు సీలను తీసుకుని సిరియ వైపు వెళితే, బర్నబా మార్కును ఓడ ఎక్కించుకుని కుప్రకు వెళ్లాడు.

ఇక్కడ ఒక సంగతి మనం తేలిగ్గా దాటిపోతుంటాం. బర్నబా అతన్ని మార్కు ఓడిపోయిన పెర్గేకు తీసుకువెళ్లలేదు. కుప్రకు తీసుకువెళ్లాడు. అది బర్నబా సొంత ఊరు, పైగా మొదటి ప్రయాణంలో మార్కు తడబడకుండా నడిచిన నేల. తనకు వచ్చిన చోటి నుంచి మళ్లీ మొదలుపెట్టించాడు. ఏళ్లు గడిచాక చెరసాలలో ఉన్న పౌలు తిమోతికి ఉత్తరం రాస్తూ, మార్కును వెంటబెట్టుకుని రమ్మన్నాడు, అతను తన పనికి పనికొస్తాడన్నాడు. ఒకప్పుడు పనికిరాడన్న నోరే అది! పౌలు మొదట కఠినంగా ఉండటం తప్పా అంటే, తప్పని మేమనలేం. లెక్క తప్పిన విద్యార్థినిని వార్డుకు పంపనన్న టీచరమ్మ లాంటివాడు పౌలు. ఆమె ఉండాల్సిందే. బర్నబా కూడా ఉండాల్సిందే. మన సంఘాల్లో ఈ రెండోవాడికే కరువు.

నర్సులందరూ పేరు తలచుకునే ఫ్లోరెన్స్ నైటింగేల్‌కు లెక్కలంటే ప్రాణం. క్రిమియా యుద్ధంలో సైనికులు గాయాల కన్నా రోగాలతోనే ఎక్కువగా చనిపోయారని ఆమె లెక్కగట్టి, 1858లో రంగుల చిత్రపటాలుగా గీసి చూపించింది. అందరికీ ఆ వరం ఉండదు, ఉండాల్సిన అవసరమూ లేదు. వార్డులో నర్సుకు కావాల్సింది భిన్నాలు, దశాంశాలు, నిష్పత్తి. అంతే.

కాలం విషయానికొస్తే, భారత నర్సింగ్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్‌ను గరిష్ఠంగా ఎనిమిదేళ్లలో పూర్తి చేయవచ్చు. ఒక సప్లిమెంటరీతో జీవితం ముగిసిపోదు. అయితే అదే నోట్స్ మరో పదిసార్లు చదివితే ఫలితం మారదు. ఫార్ములాను పక్కన పెట్టి ఆరో తరగతి పుస్తకం తెచ్చుకోవాలి. గ్రాము, మిల్లీగ్రాము, మైక్రోగ్రాము మధ్య వెయ్యి రెట్ల మెట్లను చేతి వేళ్ల మీద ఎక్కి దిగాలి. లెక్క చేసే ముందే జవాబు సుమారుగా ఎంతుంటుందో పక్కన రాసుకోవాలి. ఒక మాత్రలో ఉన్నదాంట్లో సగమే కావాల్సి వస్తే జవాబు ఒకటి కంటే పెద్దది రాకూడదు కదా! సున్నా తర్వాత బిందువైతే ముందున్న సున్నా తప్పక రాయాలి, 0.5 అని. పూర్ణాంకం తర్వాత మాత్రం బిందువు, సున్నా రాయకూడదు. 1.0ని నిద్రమత్తులో ఎవరైనా 10గా చదవొచ్చు.

ఇవి నేర్పడానికి కోచింగ్ సెంటర్ అక్కర్లేదు. గడ్డిఅన్నారం, సరూర్‌నగర్ సంఘాల్లో రిటైరైన లెక్కల మాస్టార్లు, టీచరమ్మలు ఆదివారం ముందు వరసలోనే కూర్చుంటారు. డ్యూటీ దిగి వచ్చే సీనియర్ నర్సులూ ఉన్నారు. శనివారం సాయంత్రం గాయకబృందం రిహార్సల్‌కు తెరిచే హాలును ఒక గంట ముందే తెరిస్తే చాలు. నర్సమ్మ ఒక ఖాళీ డ్రిప్ సెట్, ఎర్ర మూతది, నారింజ మూతది రెండు సిరంజిలు తెస్తుంది. మాస్టారు బోర్డు, సుద్దముక్క చూసుకుంటారు. పాస్టరుగారు ముందు రోజే ఆ వెనక బెంచీ అమ్మాయి హాస్టల్‌కు పాస్టరమ్మగారితో కబురు పెట్టాలి. మొదటి శనివారం మందుల పేర్లేవీ వద్దు. 3/4 పెద్దదా, 2/3 పెద్దదా అన్న దగ్గర మొదలుపెట్టండి.