వ్యవసాయ పటాలలో స్థలనామాల స్పష్టత: జి.ఐ.ఎస్. సాఫ్ట్‌వేర్‌లో తెలుగు పేర్ల అమరిక

సారాంశం

గ్రామాలవారీ భూసార పటంలో పాఠకుడు మొదట వెదికేది తన ఊరి పేరు. రంగులు, గణాంకాలు ఆ తరువాతివి. ఆ పేరు పక్క ఊరి హద్దులో పడినా, అసలు కనబడకపోయినా ఎంతో శ్రమతో చేసిన విశ్లేషణ తప్పు పొలానికి చేరుతుంది. పేర్లను తనంతట తాను అమర్చే సాఫ్ట్‌వేర్ తావు చాలని పేర్లను మౌనంగా వదిలివేస్తుంది. కాబట్టి పేర్ల అమరికను అలంకరణగా కాక దత్తాంశంలో భాగంగా భావించాలి. ఉచితంగా లభించే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ ఆధారంగా, తెలుగు లిపి అవసరాలను దృష్టిలో ఉంచుకొని ఆ అమరికలోని దశలను ఈ వ్యాసం వివరిస్తుంది.

ముఖ్య పదాలు: స్థలనామాలు, లేబుళ్లు, క్యూజీఐఎస్, భూసార పటం, తెలుగు లిపి, యూనికోడ్

ప్రస్తావన

2015 ఫిబ్రవరి 19న ప్రారంభమైన భూసార ఆరోగ్య పత్రాల పథకం కింద సాగునీటి వసతి గల భూములలో 2.5 హెక్టార్లకు ఒకటి, వర్షాధార భూములలో 10 హెక్టార్లకు ఒకటి చొప్పున మట్టి నమూనాలను సేకరించి 12 అంశాలను పరీక్షించారు. పత్రం ఒక్కొక్క రైతు పొలాన్ని గురించి చెబుతుంది. ఏ గ్రామంలో ఏ లోపం విస్తరించి ఉన్నదో ఒక్క చూపులో తెలియజేయగలిగేది పటమే.

చౌడు భూముల ఉదాహరణతో ఇందులోని ప్రాముఖ్యం బోధపడుతుంది. పాలచౌడు భూమిలోని లవణాలను మంచినీటితో కడిగి మురుగు కాలువల ద్వారా బయటకు పంపాలి. కారుచౌడు భూమికి పరీక్ష ఫలితాన్ని బట్టి జిప్సం వేయాలి. పటంలో ఈ రెండూ రెండు రంగులు. రెండు రంగుల హద్దు మీద ఒక ఊరి పేరు అడ్డంగా పడితే ఆ ఊరు ఏ రంగుకు చెందుతుందో విస్తరణ అధికారి నిర్ణయించుకోలేడు. పొరపాటుగా నిర్ణయించుకుంటే జిప్సం అవసరం లేని ఊరికి చేరుతుంది, అవసరమున్న ఊరికి చేరదు.

పేరుకు, స్థలానికి గల సంబంధం

స్విట్జర్లాండ్‌కు చెందిన ప్రసిద్ధ పటకర్త ఎడ్వర్డ్ ఇమ్‌హాఫ్ పటాలపై పేర్ల అమరికను గురించి 1962లో జర్మన్ భాషలో రాసిన వ్యాసం 1975లో ఆంగ్లంలో వెలువడింది. కంప్యూటర్లు ఈ పని చేపట్టినప్పటికీ ఆయన చెప్పిన సూత్రాలే నేటికీ ఆధారంగా ఉన్నాయి. పేరు సులభంగా చదవగలిగేలా ఉండాలి. అది ఏ స్థలానిదో సందేహం కలగరాదు. పటంలోని ఇతర వివరాలను వీలైనంత తక్కువగా కప్పాలి. అక్షరాల తీరును చూడగానే ఊరు, మండలం, జిల్లా అనే అంతస్తు తెలియాలి. పేర్లు ఒకచోట కిక్కిరిసి ఉండరాదు.

బిందువుగా చూపిన ఊరికి కుడివైపున కొంచెం పైగా పేరు ఉంచడం ఉత్తమమని సంప్రదాయం. అయితే స్థలానికి, పేరుకు గల సంబంధాన్ని కాపాడవలసి వచ్చినప్పుడు ఈ నియమాన్ని సడలించాలి. కృష్ణా నది తూర్పు ఒడ్డున అవనిగడ్డ మండలంలోని పులిగడ్డ, పడమటి ఒడ్డున రేపల్లె మండలంలోని పెనుమూడి ఎదురెదురుగా ఉన్నాయి. కుడివైపు నియమాన్ని యథాతథంగా పాటిస్తే పెనుమూడి పేరు నది మీదుగా పులిగడ్డ వైపు సాగుతుంది. పెనుమూడి పేరును ఎడమవైపున, పులిగడ్డ పేరును కుడివైపున ఉంచినప్పుడు ఏ ఊరి పేరు ఆ ఒడ్డుననే నిలుస్తుంది. ఒడ్డునున్న ఊరి పేరు నీటిని దాటరాదన్నది డెల్టా ప్రాంతాల పటాలలో తప్పక పాటించవలసిన నియమం.

సాఫ్ట్‌వేర్ నిర్ణయించే విధానం

ఒక మండలంలో 25 గ్రామాలున్నాయని, ఒక్కొక్క పేరును బిందువు చుట్టూ నాలుగు చోట్లలో ఒకచోట ఉంచవచ్చని అనుకుందాం. అప్పుడు సాధ్యమయ్యే మొత్తం అమరికల సంఖ్య 11 కోట్ల కోట్లను మించుతుంది. పేర్లు ఒకదానిపై ఒకటి పడకుండా అత్యుత్తమ అమరికను కనుగొనడం సాధారణ సందర్భంలో అత్యంత జటిలమైన సమస్యల కోవకు చెందుతుందని కంప్యూటర్ శాస్త్రజ్ఞులు 1991లోనే నిరూపించారు. అందువల్ల ఏ సాఫ్ట్‌వేరైనా పరిమిత సమయంలో చాలినంత మంచి అమరికను వెదికి, దానితో తృప్తి పడుతుంది.

2002లో గ్యారీ షెర్మన్ ప్రారంభించిన క్యూజీఐఎస్ ఇందుకోసం స్విట్జర్లాండ్‌లో రూపొందిన ‘పాల్’ అనే ప్రోగ్రాముల సంపుటిని ఆధారం చేసుకొన్నది. ఇది ప్రతి పేరుకు కొన్ని తావులను పరిశీలించి, ఒక్కొక్క తావుకు కొంత మూల్యం కట్టి, ఘర్షణ తక్కువగా ఉండే కూర్పును ఎంచుకొంటుంది. తావు దొరకని పేరును సాధారణ అమరికలో విడిచిపెడుతుంది. విడిచిన విషయాన్ని వినియోగదారుకు ప్రత్యేకంగా తెలియజేయదు. ఏ పేరు ముఖ్యమో దానికి తెలియదు కనుక, నమూనాలలో తీవ్రమైన లోపం కనబడిన గ్రామమే పటంలో పేరు లేకుండా మిగిలిపోవచ్చు.

దీనికి రెండు ఉపాయాలున్నాయి. మొదటిది ప్రాధాన్యం. పట్టికలో 0 నుండి 10 వరకు విలువలు గల ఒక గడిని ఏర్పరచి, దానిని లేబుల్ ప్రాధాన్యానికి అనుసంధానిస్తే ముఖ్యమైన గ్రామాలకు ముందుగా తావు లభిస్తుంది. రెండవది అవరోధం. నది, చెరువు, నమూనా బిందువుల పొరలను పేర్లు కప్పకూడని అవరోధాలుగా ప్రకటించవచ్చు. పేర్లు అవసరం లేని పొరకు ‘బ్లాకింగ్’ అనే ఎంపికను ఇస్తే అది పేర్లు చూపకుండా, ఇతర పొరల పేర్లు తనపై పడకుండా నిరోధిస్తుంది.

పేర్ల పట్టికను సిద్ధం చేయడం

అమరికలో కనబడే దోషాలు కొన్ని పట్టికలోనే పుడతాయి. మట్టి పరీక్షల ఫలితాలను గ్రామ సరిహద్దుల పొరతో కలిపేటప్పుడు పేరును ఆధారంగా తీసుకోరాదు. కొత్తపల్లి, రామాపురం, వెంకటాపురం వంటి పేర్లు గల ఊళ్లు రెండు తెలుగు రాష్ట్రాలలోనూ అనేకం. 2011 జనగణనలో ప్రతి గ్రామానికి ఆరు అంకెల సంకేతాన్ని ఇచ్చారు. దానిని గాని, కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ నిర్వహించే స్థానిక ప్రభుత్వాల డైరెక్టరీలోని సంకేతాన్ని గాని వాడడం శ్రేయస్కరం.

జిల్లా, మండల నామాలను ప్రస్తుత విభజనతో సరిచూడాలి. తెలంగాణలో 2016 అక్టోబరులో జిల్లాలు 10 నుండి 31కి, 2019లో 33కి పెరిగాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4 నుండి 13 జిల్లాల స్థానంలో 26 ఏర్పడ్డాయి. పైన పేర్కొన్న రేపల్లె మండలం అప్పుడే గుంటూరు జిల్లా నుండి బాపట్ల జిల్లాలోకి వచ్చింది. పాత పట్టికలోని జిల్లా పేరు కొత్త సరిహద్దుపై పడితే పటం రెండు కాలాలను కలగలిపినట్లవుతుంది.

షేప్‌ఫైల్ వాడేవారు మరొక చిక్కును గుర్తించాలి. యు.టి.ఎఫ్-8 విధానంలో ప్రతి తెలుగు సంకేతానికి 3 బైట్లు కావాలి. ‘జంగారెడ్డిగూడెం’లో గుణింతపు గుర్తులు, పొల్లు, సున్నలతో కలిపి 15 సంకేతాలున్నాయి. అంటే 45 బైట్లు. గడి వెడల్పును 30గా నిర్ణయిస్తే ‘జంగారెడ్డి’ మాత్రమే మిగులుతుంది. అది చదవడానికి పూర్తి పదంగానే ఉంటుంది కనుక దోషం పట్టుబడదు. జియోప్యాకేజ్ రూపంలో భద్రపరిస్తే ఈ ఇబ్బంది సాధారణంగా ఉండదు. ముద్రణకు వాడే యూనికోడేతర ఖతులలో టైపు చేసిన పేర్లను మాత్రం ముందుగా యూనికోడ్‌లోకి మార్చి, ఒక్కొక్కటిగా సరిచూసుకోవాలి.

తెలుగు లిపికి ప్రత్యేకమైన అంశాలు

రోమన్ లిపి పటాలలో జిల్లా పేరును పెద్దక్షరాలతో, ఊరి పేరును చిన్నక్షరాలతో, నది పేరును వాలు అక్షరాలతో రాయడం పరిపాటి. తెలుగులో పెద్దక్షరాలు, చిన్నక్షరాలు అనే భేదం లేదు. వాలు అక్షరాలు మన లిపికి సహజం కావు. అందువల్ల అంతస్తును పరిమాణం, మందం, రంగు అనే మూడింటితోనే చూపాలి. ఉదాహరణకు గ్రామానికి 8 పాయింట్ల సాధారణ నలుపు, మండల కేంద్రానికి 10 పాయింట్ల మందపు నలుపు, జలవనరులకు ముదురు నీలం కేటాయించవచ్చు. జిల్లా పేరును విస్తరించి చూపడానికి అక్షరాల మధ్య ఖాళీ పెంచే రోమన్ పద్ధతి తెలుగుకు నప్పదు. ఒత్తులు, గుణింతాలు మూలాక్షరం నుండి విడిపోయినట్లు కనబడే ప్రమాదముంది.

తెలుగు పేరు పైకి, కిందికి కూడా విస్తరిస్తుంది. ‘కొత్తపల్లి’లో గుణింతాలు పైన, ఒత్తులు కింద ఉన్నాయి. బిందువుకు పైన ఉంచిన పేరులోని ఒత్తు ఆ బిందువును తాకకుండా దూరాన్ని కొంచెం పెంచాలి. రెండు పంక్తులుగా విడగొట్టినప్పుడు పంక్తుల మధ్య ఎడమూ పెంచాలి. విడగొట్టడం పదాల సంధి స్థలంలోనే జరగాలి: ‘జంగారెడ్డి’ ఒక పంక్తిలో, ‘గూడెం’ మరొక పంక్తిలో. ఇందుకు పటం కోసమే ఒక ప్రత్యేక గడిలో పేరును రాసి, విరవవలసిన చోట నిలువు గీతను ఉంచి, దానినే పంక్తి విరుపు గుర్తుగా సాఫ్ట్‌వేర్‌కు సూచించాలి. అధికారిక నామం గల గడి చెక్కుచెదరకుండా ఉంటుంది.

తావు మిగుల్చుకోవడానికి పేర్లను కుదించేటప్పుడు పాత, కొత్త, పెద్ద, చిన్న అనే విశేషణాలను తొలగించరాదు. తెలంగాణలోని కలాన్, ఖుర్ద్ అనే మాటలకూ ఇదే వర్తిస్తుంది. ఒకటి పెద్ద ఊరిని, మరొకటి చిన్న ఊరిని సూచిస్తాయి. ఆ మాట పోతే రెండు వేర్వేరు గ్రామాలు ఒకే పేరుతో మిగులుతాయి.

రంగులు నింపిన నేపథ్యంపై అక్షరాల చుట్టూ సన్నని తెల్లని అంచు అవసరం. అది 0.5 మి.మీ. నుండి మొదలుపెట్టి చూడదగినది. మరీ మందమైతే పేరు కింద ఉన్న రంగు కప్పబడి, చిన్న గ్రామం ఏ వర్గానికి చెందినదో తెలియకుండా పోతుంది.

బహుభుజి, రేఖల పేర్లు

గ్రామ సరిహద్దును బహుభుజిగా చూపినప్పుడు సాఫ్ట్‌వేర్ సాధారణంగా దాని కేంద్రబిందువును ఆధారం చేసుకొంటుంది. నది వంపును అనుసరించి కొడవలి ఆకారంలో ఉన్న గ్రామానికి ఈ కేంద్రబిందువు గ్రామం వెలుపల, పక్క గ్రామంలో పడవచ్చు. బిందువు బహుభుజి లోపలే ఉండాలనే ఎంపికను తప్పక గుర్తించాలి. సరిహద్దులన్నింటికీ అత్యంత దూరంగా ఉండే అంతర్బిందువును లెక్కించే సూత్రం కూడా క్యూజీఐఎస్‌లో ఉంది. పేరు పట్టగల విశాలమైన చోటు చాలా సందర్భాలలో అదే. లంక భూముల వలె ఒకే గ్రామం రెండు మూడు ముక్కలుగా ఉన్నప్పుడు సాఫ్ట్‌వేర్ సాధారణంగా ఒక ముక్కకే పేరు వేస్తుంది. ప్రతి భాగానికి పేరు వేయమని విడిగా సూచించాలి.

కాలువల, నదుల పేర్లు రేఖ పక్కన, దాని వాలును అనుసరించి ఉండాలి. తీవ్రమైన వంపులపై అక్షరాలను వంచడం కంటే తిన్నగా ఉన్న భాగంలో ఒకసారి, అవసరమైతే దూరాన మరొకసారి పేరు రాయడం మేలు.

తావు చాలని చోట

స్కేలు, అక్షర పరిమాణం మధ్య లెక్కను ముందే వేసుకోవాలి. 8 పాయింట్ల అక్షరం ఎత్తు సుమారు 2.8 మి.మీ. ఆ పరిమాణంలో ఒక మాదిరి పొడవైన ఊరి పేరు సుమారు 15 మి.మీ. వెడల్పు ఆక్రమిస్తుందని అనుకొంటే, 1:50,000 స్కేలులో అది నేలపై 750 మీటర్లకు, 1:2,50,000 స్కేలులో 3.75 కిలోమీటర్లకు సమానం. 10 చదరపు కిలోమీటర్ల గ్రామం అడ్డుకొలత సుమారు 3.2 కిలోమీటర్లు. అంటే మొదటి పటంలో పేరు గ్రామంలో సులభంగా ఇముడుతుంది, రెండవ పటంలో హద్దు దాటుతుంది. ఏ సాఫ్ట్‌వేర్ ఎంపికా ఈ లెక్కను మార్చలేదు. అటువంటప్పుడు గ్రామంలో వరుస సంఖ్య వేసి పక్కన పేర్ల పట్టిక ఇవ్వడం, పేరును బయట ఉంచి సూచిక గీతతో కలపడం, లేదా మండలానికొక పటం తయారుచేయడం తగిన మార్గాలు. పేర్లన్నీ ఒకదానిపై ఒకటి పడినా చూపించమనే ఎంపిక పరిష్కారం కాదు.

ముద్రణకు ముందు పరిశీలన

స్కేలు, పుట పరిమాణం మారిన ప్రతిసారీ పేర్ల అమరికను సాఫ్ట్‌వేర్ మళ్లీ లెక్కిస్తుంది. తెరపై చూసిన అమరికే ముద్రణలో ఉంటుందని భావించరాదు. కనుక ముద్రణ స్కేలును స్థిరపరచిన తరువాతనే పేర్లను చేతితో సర్దడం మొదలుపెట్టాలి. అలా కదిపిన స్థానాలను క్యూజీఐఎస్ ప్రాజెక్టుతో పాటు భద్రపరుస్తుంది. చివరగా ఈ క్రింది అంశాలను వరుసగా పరిశీలించాలి.

1. తావు దొరకని పేర్లను చూపే సాధనాన్ని లేబుళ్ల పరికరాల వరుసలో ఆన్ చేయాలి. విడిచిపెట్టిన పేర్లు ప్రత్యేకమైన రంగులో కనబడతాయి.
2. ముద్రిత పటంలోని గ్రామాల పేర్లను లెక్కించి పట్టికలోని గ్రామాల సంఖ్యతో పోల్చాలి.
3. పి.డి.ఎఫ్.గా మార్చేటప్పుడు అక్షరాలను ఆకృతులుగా ఎగుమతి చేసే ఎంపికను తీసుకోవాలి. ఆ ఖతి లేని కంప్యూటర్‌లోనూ ఒత్తులు చెదరవు.
4. నలుపు తెలుపు ప్రతి తీసి చూడాలి. కార్యాలయాలలో చేతులు మారేది చాలావరకు అదే.
5. ఆ ప్రాంతం తెలిసిన వ్యక్తికి పటం ఇచ్చి, ఐదారు ఊళ్లను వేలితో చూపమని కోరాలి. వేలు తడబడిన చోట పేరును సవరించాలి.

ఉపసంహారం

నమూనా సేకరణలో, ప్రయోగశాలలో పాటించే జాగ్రత్తనే పేర్ల అమరికలోనూ పాటించాలి. సాఫ్ట్‌వేర్ చేసేది తొలి అమరిక మాత్రమే. ఏ పేరు తప్పక ఉండాలో, ఏది హద్దు దాటరాదో, ఏ మాట కుదించరాదో నిర్ణయించవలసినది పటం రూపొందించే శాస్త్రవేత్త. ఒక మండల పటానికి ఇందుకు పట్టే అదనపు సమయం కొద్ది గంటలకు మించదు. ఆ శ్రమ వల్ల సిఫారసు చేసిన యాజమాన్య పద్ధతి ఉద్దేశించిన గ్రామానికే చేరుతుంది.