మల్పే తీరం, సెయింట్ మేరీస్ ద్వీపం: రాతి స్తంభాల సాక్ష్యం

మంగళూరు నుంచి 66వ నంబరు జాతీయ రహదారిపై ఉత్తరానికి వెళ్లేవారు ఉడుపి వద్ద ఆగి, సమీపంలోని మల్పే తీరం నుంచి పడవలో సెయింట్ మేరీస్ ద్వీపాన్ని చేరవచ్చు. వర్షాకాలంలో పడవలు నడవవు. ఈ ద్వీపంలో ముఖ్యంగా గమనించవలసినవి చెక్కినట్లు కనిపించే బహుభుజాకార రాతి స్తంభాలు.

ఇవి ఎట్లా ఏర్పడ్డాయి? లావా చల్లబడుతూ కుంచించుకుపోతుంది. అందువల్ల ఉపరితలంపై పగుళ్లు ఏర్పడి, లోపలి భాగం చల్లబడే కొద్దీ కిందికి సాగుతాయి. ఎండిన చెరువులో బురద నెర్రెలు విచ్చడం మీరు చూసే ఉంటారు. అక్కడ నీరు పోవడం, ఇక్కడ వేడి పోవడం కారణం.

దక్కన్ లావా శిలల్లోనూ ఇలాంటి స్తంభాలుంటాయి. అంతమాత్రాన రెండింటినీ ఒకటిగా భావించరాదు. దక్కన్ శిలల వయస్సు సుమారు 6.6 కోట్ల సంవత్సరాలు. ఈ ద్వీప శిలలది 8.5 కోట్ల సంవత్సరాలకు పైమాటే. ఇవి భారత భూభాగం, మడగాస్కర్ విడిపోయిన కాలానికి చెందినవి. ఆకారం శిల చల్లబడిన తీరును మాత్రమే తెలుపుతుంది. వయస్సును శిలలోని రేడియోధార్మిక మూలకాల క్షయాన్ని కొలిచి నిర్ణయిస్తారు.

ఈ ద్వీపం జాతీయ భూవైజ్ఞానిక స్మారకం. జ్ఞాపకంగా ఒక్క ముక్క విరిచి తెచ్చుకున్నా, మళ్లీ ఏర్పడని ఆధారాన్ని చెరిపినట్లే.